తూర్పు తిరిగిన పెట్టె

క్వారీ మూతపడి మూడు రోజులైంది. అయినా మా కంప్యూటరు తెర మీద మాత్రం అక్కడ తూటాలు పేలుతూనే ఉన్నాయి.

యజమాని చనిపోయాడని పనివాళ్ళందరినీ ఇళ్ళకు పంపేశారట. నమ్మకం కుదరక అక్కడి వాచ్‌మన్‌కి పొద్దున్నే రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి చేసేసరికి ఆయనకు విసుగొచ్చింది. "అమ్మా, ఈడ నేనూ నా కుక్కా తప్ప పురుగు లేదు. నేనైతే పేల్చలా. కుక్కనడిగి చెప్తా ఉండు," అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు పెదవుల దాకా రాలేదు. తెల్లవారినప్పటి నుంచి అప్పటికి పందొమ్మిది చప్పుళ్ళు నమోదయ్యాయి.

నా పేరు సులోచన. ప్రకాశం జిల్లా పడమటి కొండల్లో భూమి లోపలి చప్పుళ్ళు వినడానికి పెట్టిన ఒక చిన్న ప్రయోగశాలలో సాంకేతిక సహాయకురాలిని. పేరు పెద్దదే గానీ నేను చేసేది పెట్టెలకు వైద్యం. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరో ఒకరి ఇంట్లో సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద మా పెట్టె పెడతాం. బియ్యం డబ్బా అంత ఉంటుంది. నేల ఏమాత్రం వణికినా అది విని, నెట్టు ద్వారా మా ఆఫీసుకు చెబుతుంది. అలాంటివి ఇరవై రెండు ఉన్నాయి. ఒక్కో పెట్టె, చప్పుడు ఎంత దూరం నుంచి, ఎంత లోతు నుంచి వచ్చిందో, ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా చెబుతుంది.

మా పెద్దాయన డాక్టర్ పరాంకుశం గారు కనిపెట్టింది ఆ పెట్టెను కాదు, అది విన్నదాన్ని లెక్కగట్టే పద్ధతిని. రాయి విరిగే ముందు లోపల చిటపటమంటుంది. మొదట గంటకోసారి, తర్వాత పావుగంటకోసారి, ఆ తర్వాత ఎడతెరిపి లేకుండా. ఆ ఎడం తగ్గే తీరును బట్టి రాయి ఎప్పుడు విరుగుతుందో ఆయన నిమిషాల్లో చెప్పగలిగారు. తెర మీద చివరి గడిలో ఆ నిమిషాలు కనిపిస్తాయి. ఆ గడికి ఆయన పెట్టిన పేరు 'గడువు'. క్వారీ చప్పుళ్ళకు మాత్రం గడువు కట్టరు. మనుషులు పేల్చే తూటాలకు గడువేమిటి? క్వారీ ఉన్న దిక్కు నుంచి, క్వారీ ఉన్నంత దూరం నుంచి వచ్చిందంటే చాలు, కంప్యూటరు దాన్ని వేరే బుట్టలో పడేస్తుంది. ఆ బుట్టను ఎవరూ తెరవరు. తెరవాల్సినదాన్ని నేనే.

ఆ పొద్దున తెరిచాను. దసరా ముందు వరకు రోజుకు ఒకటో రెండో చప్పుళ్ళు, అవీ మధ్యాహ్నం ఒంటిగంటకు, పనివాళ్ళు అన్నానికి లేచే వేళకు. దసరా తర్వాత ఇరవై మూడు రోజుల్లో నాలుగు వందల పైచిలుకు. వేళా పాళా లేదు. అన్నీ పదిహేడో పెట్టె విన్నవే.

"పదిహేడో పెట్టెకు పిచ్చెక్కినట్టుంది," అన్నారు పరాంకుశం గారు నా భుజం మీదుగా చూస్తూ. "మొన్ననేగా దీపావళి. టపాకాయలేమో."

"రెండు వందల అడుగుల లోతులో టపాకాయలు ఎవరు కాలుస్తారు సార్?"

"అయితే పెట్టెను నెట్టులోంచి తీసెయ్. బాగు చేశాక కలుపుదువుగాని."

తీసెయ్యడం చిటికెలో పని. ఒక మీట నొక్కితే సరి. నా చెయ్యి ఆ మీట దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఎందుకాగిందో చెప్పాలంటే తిరుపాలు సంగతి చెప్పాలి. తిరుపాలు మా మరిది. మరిదంటే పెళ్ళి తర్వాత వచ్చిన వరసే కాదు, మా మేనత్త కొడుకు, నేను చంకనేసుకుని తిప్పిన పిల్లాడు. మా మేనత్త పెద్దకొడుకు మాలకొండయ్యను చేసుకున్నాను గనక ఆవిడే నాకు అత్తగారు. అన్నదమ్ములిద్దరూ గుర్రాలకొండ సొరంగంలో పని చేసేవాళ్ళు. కొండకు అవతల ఉన్న నీళ్ళను ఇవతలి పొలాలకు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్ళింది.

పోయినేడు భాద్రపదంలో సొరంగం ముఖద్వారం దగ్గరున్న మా పెట్టె గడువు చూపించింది. నలభై నిమిషాలు. నేను ఆఫీసులో కూర్చునే తెర చూసి ఖాయం చేశాను. కొండ కూలుతుందని ఫోన్ చేశాను. లోపల సైరన్ మోగింది. మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ పట్టాల మీది బండి ఎక్కారు. ఇరవై మంది పట్టే బండి మీద అరవై మంది. మలుపులో అది ఒరిగి, బండికీ గోడకీ మధ్య తిరుపాలు నలిగిపోయాడు. కొండ కూలలేదు. పెట్టె విన్నది పక్కనున్న కూలీల కాలనీలో బోరు వేస్తున్న యంత్రాన్ని. పది నిమిషాలు బండి వేసుకుని వెళ్ళి కళ్ళతో చూసొచ్చి ఉంటే నాకు తెలిసేది. వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే కూలీలు గునపాలతో ఆ పెట్టెను నుజ్జు చేశారు. మళ్ళీ పెట్టనివ్వలేదు. సొరంగానికి హెచ్చరిక పంపాలంటే రెండు పెట్టెలు ఒకే మాట చెప్పాలని మాకు నియమం వచ్చింది. ఆ కొండ చప్పుడు వినపడేంత దగ్గరలో రెండు పెట్టెలు లేవు గనక ఇక ఆ సొరంగానికి హెచ్చరికే లేదన్నమాట. మా అత్త మాత్రం సూటి మనిషి. కంచంలో అన్నం పెడుతూనే అనేది, "నీ పెట్టె నా బిడ్డను తిన్నదే" అని. నేను తల వంచుకుని తినేదాన్ని. నాకూ అలాగే అనిపించేది.

"నేను వెళ్ళి చూసొస్తాను సార్. చూశాకే తీసేద్దాం," అన్నాను. స్కూటరు తీశాను.

పదిహేడో పెట్టె ఉన్నది గవిరెడ్డిపల్లెలో వెంగమ్మ ఇంట్లో. అరవై ఏళ్ళ మనిషి, జాకెట్లు కుడుతుంది. భర్త లేడు. ఆ ఊళ్ళో మా పెట్టెను ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పుకున్న ఏకైక మనిషి. మిగతావాళ్ళంతా అది భూకంపాన్ని పిలుస్తుందని భయపడ్డారు. నేను వెళ్ళేసరికి మెడలో టేపు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏందమ్మా ఉరుకులు పరుగుల మీద వచ్చావు? పచ్చ లైటు వెలగతానే ఉందిగా. రోజూ పొద్దున లేవంగానే దాన్నే చూస్తా."

"ఒకసారి చూసి పోదామని పిన్నీ. కరెంటు ఏమైనా పోయిందా ఈ మధ్య?"

"పోయినా నీ బ్యాటరీ ఉందిగా."

వెనక గదిలోకి వెళ్ళాను. పెట్టెకు వైద్యం చెయ్యడానికి ఒక వరస ఉంది. ముందు కరెంటు, తర్వాత బ్యాటరీ, తర్వాత నెట్టు, తర్వాత గడియారం, ఆఖరికి నేల. కరెంటు సరిగానే ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. నెట్టు తీగను ఎలుక కొరికిన గుర్తులున్నాయి గానీ తెగలేదు. ఇంటి కప్పు మీది చిన్న గొడుగు ఉపగ్రహం నుంచి టైము సరిగ్గానే పట్టుకుంటోంది. దిమ్మె బీటలివ్వలేదు. పెట్టె నెత్తి మీది గాజులో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది. అంటే పెట్టె ఏ పక్కకూ ఒరగలేదు. ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరికితే కాస్త ఊరట. దొరక్కపోయేసరికి వెంగమ్మ వైపు తిరిగాను.

"మిషనేమైనా ఈ గదిలో తొక్కుతున్నావా?"

"నువ్వు ఒద్దన్నావని ముందు గదిలోకి మార్చానుగా!" అంది రోషంగా. "ఈ గదిలోకి చీపురు కూడా మెల్లంగానే తెస్తా."

అప్పుడు చూశాను. పెట్టె ముందు భాగాన పసుపు రాసి, దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు ఉంది. ఎండి కొంచెం రాలింది.

"దసరాకా పిన్నీ?"

"ఆయుధ పూజకమ్మా. మిషనుకీ, కత్తెరకీ, ఇస్త్రీ పెట్టెకీ చేసి దీనికి చెయ్యకపోతే ఎట్టా? ఇంటికొచ్చిన యంత్రం గదా. ఎత్తి ముందు గదిలో పెట్టి, తుడిచి, బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళా తెచ్చి ఈడే పెట్టా. నీకు ఫోన్ కూడా చేశానే. లైటు పచ్చగా ఉందా, బుడగ మధ్యలో ఉందా అని అడిగావు. ఉందంటే సరేనన్నావు."

అన్నాను. బాగా గుర్తుంది. ఆ వేళ పొయ్యి మీద గారెలు వేగుతుంటే చెవికీ భుజానికీ మధ్య ఫోన్ పెట్టుకుని సరేనన్నాను.

"బుడగ మధ్యకు తెచ్చేదానికి అరగంట పట్టింది," అంది వెంగమ్మ గర్వంగా. "ఆ మూడు మరలూ తిప్పీ తిప్పీ వేళ్ళు నొప్పి పుట్టినై. ముఖం కూడా సరిగ్గా తూర్పుకు పెట్టినా. ఎవురు పెట్టారో ఏమో, అంతకుముందు ఉత్తరానికి చూస్తా ఉండేది."

ఉత్తరానికి పెట్టింది నేను. పెట్టె పైన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది ఉత్తరం చూడాలి. పెట్టె చెప్పే దిక్కులన్నీ ఆ బాణం నుంచే లెక్క. వెంగమ్మ బొట్టు పెట్టిన వైపు పెట్టెకు ముఖమనుకుంది. బొట్టు పెట్టినదేదైనా తూర్పు చూడాలి గదా. దేవుడి పటాలన్నీ తూర్పు చూస్తున్న ఇంట్లో ఇదొక్కటే పక్కకు చూస్తుంటే ఆవిడకు బాధనిపించి ఉంటుంది. ఫోన్లో దిక్సూచి తెరిచి బాణం పక్కన పెట్టాను. తొంభై డిగ్రీలు. అణాపైస తేడా లేకుండా తూర్పు.

పాపం పెట్టెకు తెలియదు తనని తిప్పారని. తూర్పు నుంచి వచ్చిన చప్పుడును ఉత్తరం నుంచి వచ్చిందంటోంది. ఉత్తరాన పదకొండు కిలోమీటర్లలో క్వారీ. తూర్పున పదకొండు కిలోమీటర్లలో గుర్రాలకొండ సొరంగం.

ల్యాప్‌టాప్ తెరిచి, పెట్టె దిక్కు గడిలో సున్నా కొట్టేసి తొంభై వేశాను. ఇరవై మూడు రోజుల చప్పుళ్ళనూ మళ్ళీ లెక్కకట్టమన్నాను. పటం మీద చుక్కలు కదిలాయి. ఒంటిగంట చప్పుళ్ళు ఇన్నాళ్ళూ పడమటి అడవిలో, 'తెలియనివి' అనే పేరుతో పడి ఉండేవి. అవన్నీ లేచి క్వారీలోకి వచ్చి కూర్చున్నాయి. క్వారీలో ఉన్న నాలుగు వందలూ లేచి వరసగా గుర్రాలకొండ కడుపులోకి వెళ్ళాయి. ఇక అవి క్వారీ చప్పుళ్ళు కావు గనక చివరి గడి నిండింది.

గడువు: అరవై ఎనిమిది నిమిషాలు. టైము పదకొండూ ఇరవై.

మాలకొండయ్య బావ పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. పొద్దున సద్ది నేనే కట్టిచ్చాను.

పరాంకుశం గారికి ఫోన్ చేశాను. బాణం సంగతి చెప్పాను. ఆయన తన తెర మీద కూడా చూసుకున్నారు.

"నాకూ అరవై ఆరు వచ్చింది," అన్నారు చివరికి. "కానీ అమ్మాయ్, ఒక్క పెట్టే. నిరుటి మాట మర్చిపోయావా? రెండో పెట్టె లేకుండా సొరంగానికి సైరన్ కొట్టించే అధికారం నాకు లేదు. నీకసలే లేదు."

"సైరన్ వద్దు సార్. మా బావకు ఫోన్ చేస్తాను."

"మళ్ళీ తప్పయితే?"

"మళ్ళీ తప్పయితే మా అత్త ఇంట్లో నాకు చోటుండదు. ఒప్పయి చెప్పకపోతే ఇంట్లో బావే ఉండడు."

అవతల ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "చెయ్యి. నీ ఇష్టం అని తప్పుకోను. మనిద్దరి నిర్ణయం అని పుస్తకంలో ఇప్పుడే రాస్తున్నా. నేను ఇక్కడ అంకె చూస్తూ ఉంటా," అన్నారు.

సొరంగం ముఖద్వారం దగ్గర గుమస్తా ఖాజావలి ఉంటాడు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి టోకెనూ గోడకున్న బల్ల మీద తగిలించి, బయటికొచ్చాక తీసిచ్చే పని అతనిది. అతని ముందున్న ఫోనుకు లోపల తవ్వే చోటు దాకా తీగ ఉంది. బావను పిలవమంటే, "ఏం వదినా, మళ్ళీ ఏమన్నా..." అని ఆగిపోయాడు. పిలిచాడు. బావ ఫోన్ దగ్గరికి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల్లో నేను గోళ్ళు కొరకలేదు, దండం పెట్టుకోలేదు. దిమ్మె మీది బుడగనే చూస్తూ నిలబడ్డాను.

"సులోచనా, చెప్పు," అన్నాడు. వెనక యంత్రాల హోరు.

చెప్పాను. ఎంత పొట్టిగా చెప్పాలో అంత పొట్టిగా. పన్నెండూ ఇరవై ఎనిమిది అన్నాను.

"ఖాయమా?"

ఈ మాటే నిరుడు కూడా అడిగాడు. ఖాయం అన్నాను అప్పుడు.

"ఖాయం కాదు బావా. ఒక్క పెట్టే చెప్తోంది. అయితే ఈసారి నేను దాని పక్కనే నిలబడి చెప్తున్నా. దిక్కు నా కళ్ళతో చూశా."

బావ గొంతు తగ్గించి, "లోపల యాభై ఎనిమిది మందిమి. నీ పేరు చెప్తే తన్నడానికొస్తారు. సైరన్ కొడితే తొక్కుకుని చస్తారు. నడిపించుకుని వస్తా," అన్నాడు.

"మూడు కిలోమీటర్లు! నీళ్ళలో, పట్టాల మీద... బండి ఉందిగా, పావుగంటలో..."

"బండిలో ఇరవై మందే పడతారు. దాన్ని కదిలిస్తే అరవై మందీ ఎక్కుతారు. తాళం తీసి జేబులో వేసుకుంటున్నా. డ్రైవరు కూడా నడవాల్సిందే. గాలి గొట్టం పాడైందని చెప్తా, మెల్లగా పదండంటా. నువ్వు ఫోన్ పెట్టెయ్."

"బావా, టైము చాలదేమో."

"చాలకపోతే చాలదు. తోసుకోవడం మాత్రం నేను మళ్ళీ చూడలేను," అని తనే పెట్టేశాడు. అప్పటికి పదకొండూ ముప్పై ఆరు.

వెనక్కి తిరిగితే వెంగమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అంతా వినేసింది. "నేను తిప్పినందుకా తల్లీ? నా చేత్తో నేను..."

"నువ్వు తిప్పినందుకు కాదు పిన్నీ, నేను వచ్చి చూడనందుకు," అన్నాను. ఆ మాట ఆవిణ్ణి ఓదార్చడానికి అనలేదు. నిజం గనక అన్నాను. "ఒక్క పని చెయ్యి. ఈ గదిలోకి ఎవరినీ రానీకు. మిషను తొక్కకు. వీధిలో ట్రాక్టరొస్తే ఆపు."

"ట్రాక్టరుకు అడ్డం పడుకుంటా," అంది.

గుర్రాలకొండకు రోడ్డు మీద పదహారు కిలోమీటర్లు. గుంతల రోడ్డు. స్కూటరు మీద ఎలా వెళ్ళానో నాకు సరిగ్గా తెలియదు. దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే కాపరిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తప్పేముంది? నడక లెక్క ఒకటే తలలో తిరుగుతోంది. మామూలుగా మూడు కిలోమీటర్లు నలభై నిమిషాలు. మోకాలి లోతు నీళ్ళున్న చోట ఇంకా ఎక్కువ. మస్తాను అనే ముసలి మేస్త్రీకి మోకాళ్ళ నొప్పులు. ఆయన్ను వదిలేసి రారు గదా. మధ్యలో బావ కింద పడితే? ఎవడైనా అనుమానపడి అరిస్తే? పన్నెండూ పదిహేనుకి కొండ కనిపించింది. ఎప్పటిలాగే మేకలు మేస్తున్నాయి దాని మీద. అంత నెమ్మదిగా ఉన్న కొండను చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఖాజావలి నోరు జారినట్టున్నాడు. కూలీల కాలనీ ఆడవాళ్ళంతా ముఖద్వారం దగ్గర ఉన్నారు. అందరికంటే ముందు మా అత్త. నేను స్కూటరు దిగకముందే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీనా? మళ్ళీ ఫోన్ చేశావా నువ్వు?"

"చేశాను అత్తా."

"ఇంకొకణ్ణి కూడా తీసుకోవాలా నీకు?"

ఆ పట్టు నొప్పి పుట్టింది. విడిపించుకోలేదు. ఇద్దరం అలాగే నిలబడి సొరంగం నోట్లోకి చూశాం. లోపల దూరంగా బల్బుల వరస, ఆ పైన చీకటి. సైటు ఇంచార్జి తన గదిలోంచి వచ్చి, పని ఎవరాపారని ఖాజావలి మీద అరుస్తున్నాడు. నేనేనని చెప్పాను. నా వైపు చూసిన చూపులో నిరుటి ఫైళ్ళన్నీ ఉన్నాయి. పన్నెండూ పద్దెనిమిది. పన్నెండూ ఇరవై. ఎవరూ కనిపించలేదు.

పన్నెండూ ఇరవై రెండుకి మొదటి టోపీ లైటు కనిపించింది. తర్వాత ఇంకొకటి. ఒకరి భుజం మీద ఇంకొకరు చెయ్యేసుకుని వరసగా వస్తున్నారు. కబుర్లు చెప్పుకుంటున్నారు కూడా. గాలి గొట్టం ఎప్పుడు బాగుపడుతుందని ఒకడు అడుగుతున్నాడు. ఇద్దరు కుర్రవాళ్ళు మస్తాను మేస్త్రీని చేతుల కుర్చీ మీద మోసుకొస్తుంటే ఆయన పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఖాజావలి టోకెన్లు తీసి ఇస్తూ పైకి లెక్కపెడుతున్నాడు. నలభై. నలభై ఆరు. యాభై ఐదు. యాభై ఏడు.

బల్ల మీద ఒక్క టోకెను మిగిలింది. అది ఎవరిదో నేను చూడక్కర్లేదు.

అత్త నా చెయ్యి వదిలి సొరంగంలోకి నడవబోయింది. నేను వెనక నుంచి నడుం పట్టుకుని ఆపాను. పెనుగులాడింది. ఇంతలో బావ వచ్చాడు. మెల్లగా, చేతులు ఊపుకుంటూ. ఎవరూ వెనక మిగల్లేదని చూసుకుంటూ వచ్చాడట. టైము పన్నెండూ ఇరవై ఏడు. అత్త కొడుకును రెండు చేతులా తడుముకుంది, తల నుంచి మోచేతుల దాకా.

నా ఫోన్ మోగింది. పరాంకుశం గారి గొంతు, "సున్నా," అంది.

ఏమీ కాలేదు.

పన్నెండూ ముప్పై. మేకలు మేస్తూనే ఉన్నాయి. గాలి గొట్టం బాగానే ఉందని ఎవడో కనిపెట్టాడు. గొణుగుడు మొదలైంది. "అయితే ఈమె మాట మీదేనా మమ్మల్ని నడిపించింది?" అన్నాడొకడు. ఇంచార్జి వచ్చి, సగం పూట పని పోయిందనీ, వెంటనే లోపలికి వెళ్ళాలనీ అన్నాడు. బావ అడ్డం నిలబడి, "గంట ఆగండి సార్," అన్నాడు. "ఎవరి మాట మీద?" అన్నాడు ఇంచార్జి.

పన్నెండూ ముప్పై ఆరు. అత్త నా వైపు తిరిగింది. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇదీ అబద్ధమేనా సులోచనా?" అంది.

అప్పుడు నేనేమనుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ కొండ కూలితే బాగుండునని కోరుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఎంతమందో చెమటోడ్చి తవ్వినది, ఎన్ని ఊళ్ళో నీళ్ళ కోసం కాచుకుని ఉన్నది. అది కూలాలని, ఇప్పుడే కూలాలని, నా మాట నిలబడాలని కోరుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళు నలుగురు టోకెన్లు మళ్ళీ బల్లకు తగిలించి లోపలికి రెండడుగులు వేశారు.

ముందు గాలి వచ్చింది. సొరంగం నోట్లోంచి చల్లటి, తడి మట్టి వాసన గాలి ఒక్కసారిగా తోసుకొచ్చి ఆ నలుగురినీ వెనక్కి పడేసింది. బల్బుల వరస లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చింది. ఆ తర్వాత చప్పుడు. చెవులకు కాదు, కాళ్ళకు వినిపించింది. ఎర్రటి దుమ్ము మమ్మల్నందరినీ కప్పేసింది. పన్నెండూ నలభై ఒకటి. పరాంకుశం గారి లెక్క పదమూడు నిమిషాలు తప్పింది.

దుమ్ము తగ్గాక జనం మొదట దగ్గారు. తర్వాత ఏడ్చారు, తర్వాత కేకలు వేశారు. భర్తలను వెతుక్కుంటున్నారు, దొరికినవాళ్ళను కొడుతున్నారు. ఒకామె వచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోతే పట్టుకుని ఆపాను. మస్తాను మేస్త్రీ కింద కూర్చుని అల్లాకు దండం పెట్టుకుంటున్నాడు. ఇంచార్జి ఎక్కడికో ఫోన్ చేస్తున్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

బావ కోసం చూశాను. అందరికీ దూరంగా, టోకెన్ల బల్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళ కింద దుమ్ము మీద రెండు చారలు. నేనూ అత్తా దగ్గరికి వెళ్ళాం.

"ఏందిరా, బయటపడ్డావుగా. ఏడుపెందుకు?" అంది అత్త.

"నడిచి రావచ్చమ్మా," అన్నాడు. "మూడు కిలోమీటర్లు. ఒక్కడికి గీత కూడా పడకుండా నడిచి రావచ్చు. నిరుడు కూడా నడిచి రావచ్చు."

"ఏం మాట్లాడతన్నావురా?"

"ఆ రోజు సైరన్ కొట్టింది నేనమ్మా. సులోచన ఫోన్లో కూలుద్దని చెప్పింది, అంతే. సైరన్ కొట్టమని చెప్పలా. నాకు భయమేసింది. చెయ్యి దానంతటదే పోయి నొక్కింది. నొక్కిన తర్వాత తమ్ముడు నా వైపు చూసి ఉరికాడు. అందరికంటే ముందు వాడే ఉరికాడు." ముక్కు తుడుచుకున్నాడు. "ఎవురు నొక్కారని అందరూ అడిగారు. తెలవదన్నా. నువ్వు ఈమెను అంటావుంటే రోజూ ఇనుకుంటానే అన్నం తిన్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పద్నాలుగు నెలలు! ఆ కంచం ముందు నేను తల వంచుకుని కూర్చున్న ప్రతి పూటా ఈయన నా పక్కనే కూర్చుని ముద్ద కలుపుకున్నాడు. చెంప మీద ఒక్కటి ఇద్దామనే చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఆయన చొక్కా పట్టుకుని అక్కడే ఉండిపోయింది. తలుపు వేసుకుని ఒక్కడే కూర్చునే ఆ రాత్రులూ, షిఫ్టుకు వెళ్ళే ముందు తమ్ముడి చెప్పుల వైపు చూడకుండా గుమ్మం దాటడమూ నాకు అప్పుడు అర్థమయ్యాయి. కోపం పోలేదు. కానీ చొక్కా వదలబుద్ధి కాలేదు.

అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నీకు తెలుసా ఈ సంగతి?" అని నన్నడిగింది.

"తెలియదు అత్తా."

ఆవిడ ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి మీద కోపంతో నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియనట్టు ఆ ఎర్రదుమ్ములోనే నేల మీద కూలబడింది. "ఒరే తిరుపాలూ," అని చిన్నకొడుకును పేరు పెట్టి పిలిచి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా ఆవిడ కంట తడి పెట్టలేదు. బావా నేనూ చెరో పక్కన కూర్చున్నాం.